రాచర్ల కందిచేను – రంగూను రేవు

పుష్యమాసము వచ్చునప్పటికి రాచర్ల, గిద్దలూరు, కంభము ప్రాంతముల కళ్లములలోనికి కంది చేరుచుండును. నల్లమల చేరువన వర్షాధారముగా పండు ఈ మెట్టపైరునకు నీరు తక్కువ, పెట్టుబడి తక్కువ, భరోసా కూడ తక్కువయే. గింజ ఇల్లు చేరిన వెంటనే రైతు అడుగు ప్రశ్న యొక్కటే: క్వింటాలు ఎంత పలుకుచున్నది? దీనికి సమాధానము గిద్దలూరు కొట్లలో దొరకునని మనము తలంతుము. నిజమునకు అందులో కొంత రంగూనులోను, కొంత ఆఫ్రికా తూర్పు తీరమునందలి మొజాంబిక్ దేశములోను నిర్ణయమగుచున్నది. ఆ సంగతి పంచాయతీ సభ్యులకు తెలిసియుండుట అవసరమని తలచి ఇచట వివరించుచున్నాము.

మన దేశమునకు ఏటా సుమారు 45 లక్షల టన్నుల కంది కావలెను. 2023-24లో పండినది 34 లక్షల టన్నుల చేరువ మాత్రమే. తక్కువపడినది బయటినుండి రావలెను. బర్మాలోను, మొజాంబిక్‌లోను కందిని పండించుట ముఖ్యముగా మనకు అమ్ముటకే. అచటివారు పప్పుగా వండుకొనునది స్వల్పము. బర్మా పంట మన పంటతోబాటే కళ్లమునకు వచ్చును. మొజాంబిక్ పంట ఆగస్టు ప్రాంతమున చేతికందును.

బర్మా (నేటి మియన్మార్) తెలుగువారికి క్రొత్త దేశము కాదు. కోరంగి, కాకినాడ రేవులనుండి ఓడనెక్కి రంగూనులో కూలి చేసి బ్రతికినవారు వేలకొలది కలరు. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమైనప్పుడు బర్మా బియ్యము మనకు రాకుండెను. మరుసటి సంవత్సరపు బంగాళా కరవునకు గల కారణములలో అదియు నొకటి. పొరుగింటి కలత మన కుండలోనికి వచ్చుట అంత పాతది.

ఇక కంది కథ. 2015లో వానలు తప్పి కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయెను. ప్రభుత్వము కలతజెంది 2016లో మొజాంబిక్‌తో అయిదేండ్ల ఒప్పందము చేసికొని, ఏటా కొనుగోలును 2 లక్షల టన్నుల వరకు పెంచెదమని మాటయిచ్చెను. ఆ యేడే మన రైతులు ధరను చూచి విరివిగా విత్తిరి, వానలును కలసివచ్చెను. 2015-16లో 25 లక్షల టన్నులకు కొంచెము మించిన పంట 2016-17లో 48 లక్షలు దాటెను. బోనసుతో కలిపి మద్దతు ధర 5,050 రూపాయలు కాగా, అంగడి ధర దానికంటె దిగువకు జారెను. అప్పుడు, 2017 ఆగస్టులో, ప్రభుత్వము దిగుమతులకు ఏటికి 2 లక్షల టన్నుల హద్దు విధించెను. మొజాంబిక్ ఒప్పందము మాత్రము దానికి మినహాయింపు. మనకొరకే విత్తిన బర్మా రైతు ఈ దెబ్బకు కుదేలయ్యెను. అతని సంకటము రాచర్ల రైతు సంకటమునకు తోబుట్టువే.

2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యము అధికారమును చేజిక్కించుకొనెను. ఆ దేశముతో మనకు 1,643 కిలోమీటర్ల సరిహద్దు కలదు. నాగాలాండు, మణిపూరు, మిజోరముల శాంతిభద్రతలు ఆవలివైపు పరిస్థితిని ఆశ్రయించియున్నవి. మిజోరమునకు దారికై మనము నిర్మించిన సిత్వే రేవును ఆ దేశముననే యున్నది. కావున మాటలు తెంచుకొనుట సాధ్యము కాదయ్యెను. అదే సంవత్సరము అయిదేండ్లకు ఏటా లక్ష టన్నుల కంది, రెండున్నర లక్షల టన్నుల మినుములు కొనునట్లు ఒప్పందము కుదిరెను. అమెరికా ఆంక్షలవలన డాలరు చెల్లింపులు చిక్కుపడగా, 2024 జనవరిలో రూపాయికి, బర్మా క్యాట్‌కు నేరుగా చెల్లింపు ఏర్పాటు అమలులోనికి వచ్చెను. దేశరక్షణ, స్నేహము, పప్పుదినుసు ఇట్లు ఒకే మూటలో కట్టబడినవి.

2021 మే నెలలో హద్దు తొలగింపబడెను. ఆ సడలింపు గడువు పలుమార్లు పెరిగి 2026 మార్చి 31 వరకు సాగెను. ధర పెరిగినప్పుడు పట్టణవాసి మొర ఢిల్లీకి త్వరగా చేరును. ధర పడినప్పుడు మెట్టరైతు మొర ఆలస్యముగా చేరును. ఈ తారతమ్యమును దాచుటలో లాభము లేదు.

అయినను చేతిలో ఒక ఆధారము కలదు. 2025-26 కంది మద్దతు ధర 8,000 రూపాయలు. నమోదైన రైతులు అమ్మజూపినంత కందిని నాలుగేండ్లపాటు కేంద్రసంస్థలు కొనునని 2025 ఫిబ్రవరి బడ్జెటులో ప్రకటింపబడెను. అయితే నమోదు లేనివాని గింజకు ఆ తూకము దొరకదు. ఈ-పంటలో పేరు ఎక్కని కౌలుదారు, బర్మా ఓడ వచ్చి ధర పడిన నాడు, దళారి చెప్పినదానికే ఒప్పుకొనవలసి వచ్చును. గ్రామములో ఎవరు కౌలునకు చేయుచున్నారో పంచాయతీ సభ్యులకు తెలిసినంతగా మరి యే కార్యాలయమునకును తెలియదు. ఈ-పంట జాబితా రైతు సేవా కేంద్రమున అతికించిన రోజుననే దానిని గ్రామసభలో చదివించి, తప్పిన పేర్లను గడువులోపల వ్రాయింపవలసియున్నది.