గోల్ఫ్ ఫోన్లోకి వచ్చింది, ఉయ్యూరుకి ఇంకా రాలేదు

మన కృష్ణా డెల్టా వైపు గోల్ఫ్ అంటే ఇప్పటికీ సినిమాలో విలన్ ఆడే ఆట. తెల్ల ప్యాంటు, నెత్తిన టోపీ, సంచి మోస్తూ వెనకాలే ఒక మనిషి. మధ్యలో ఫోనొస్తే ఎవరినో బెదిరించడం. ఆ సినిమా చూసిన కుర్రాడి ఫోన్లోకే ఇప్పుడు అసలు గోల్ఫ్ కూడా వచ్చేసింది. బ్రైసన్ డిషాంబో 2020లో, 2024లో యు.ఎస్. ఓపెన్ గెలిచిన ఆటగాడు. గోల్ఫ్ పోటీలు ఎన్నడూ చూడనివాళ్లకు మాత్రం అతను యూట్యూబ్ వీడియోలతోనే తెలుసు. ఇంగ్లండ్ కోచ్ రిక్ షీల్స్ పెద్ద టోర్నమెంటు ఏదీ గెలవకుండానే లక్షల మందిని తన చానల్‌కి రప్పించుకున్నాడు. 2024 ఆగస్టులో అమెరికాలో గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్ సంస్థ, అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సులో యూట్యూబర్ల కోసమే ఒక పోటీ పెట్టింది.

ఈ సందడి చూసి ఇంటర్నెట్ ఉంటే ఆట దానంతట అదే ఊరూరా పాకుతుందని కొందరంటున్నారు. వరి, చెరకు పండే చోట ఈ ఆటేంటని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. ఇద్దరూ తొందరపడుతున్నారనే నా అభిప్రాయం.

అపోహ: గోల్ఫ్ డబ్బున్నవాళ్లకే వస్తుంది.

వాస్తవం: పెద్ద క్లబ్బుల సభ్యత్వం ఖరీదైనదే, అందులో దాచేదేం లేదు. కానీ ఆట రావడం వేరు, సభ్యత్వం రావడం వేరు. అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో సంచులు మోసే క్యాడీగా మొదలై, 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అయ్యాడు. 1829లో పెట్టిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా. 2016లోనూ, 2017లోనూ ఇండియన్ ఓపెన్ అతనిదే. వీళ్లకు కలిసొచ్చింది ఆస్తి కాదు, రోజూ కళ్ల ముందే ఉన్న మైదానం.

అపోహ: చూసేవాళ్లు పెరిగితే ఆడేవాళ్లూ పెరుగుతారు.

వాస్తవం: సోషల్ మీడియా గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. 2021 ఆగస్టు 7 తెల్లవారుజామున దేశంలో గోల్ఫ్ అంటే తెలియని ఇళ్లలో కూడా టీవీలు మోగాయి. టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ పతకం కోసం ఆడుతోంది. బర్డీ అంటే ఏమిటి, బోగీ అంటే ఏమిటి అని ట్విటర్లో, వాట్సాప్‌లో ఒకరినొకరు అడిగారు. ఆమె ఒక్క షాట్ తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క ఉదయం అంతమంది గోల్ఫ్ గురించి మాట్లాడుకోవడం మన దేశంలో అంతకు ముందు జరగలేదు. అప్పుడు ఉయ్యూరులోనో, గుడివాడలోనో ఓ ఆరేళ్ల పిల్లకి ఆ ఆట మీద మనసు పడిందనుకుందాం. వాళ్ల నాన్న ఆ పిల్లని ఎక్కడికి తీసుకెళ్లాలి? గోల్కొండ నయా ఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్సు ఉంది. ఉయ్యూరు నుంచి సుమారు 300 కిలోమీటర్లు. విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్ ఉంది, అది ఇంకా దూరం. పిల్ల మనసు వారంలో వేరే దాని మీదికి పోతుంది.

అదితికి ఆట ఎలా దొరికిందో చూస్తే సంగతి తెలుస్తుంది. అయిదేళ్లప్పుడు అమ్మానాన్నలతో టిఫిన్ తినడానికి వెళ్లిన హోటలు నుంచి కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ డ్రైవింగ్ రేంజ్ కనిపించేది. అక్కడ బంతులు కొడుతున్నవాళ్లను చూసి తానూ కొడతానంది. రియో ఒలింపిక్స్‌లో నాన్న, టోక్యోలో అమ్మ ఆమెకు క్యాడీలు. మొత్తం కథలో ఇంటర్నెట్ పాత్ర లేదు. కళ్లకు కనిపించే దూరంలో ఒక రేంజ్ ఉంది, అంతే.

ఇంటర్నెట్టే చాలనేవాళ్లు ఇక్కడ చదరంగం ఉదాహరణ తెస్తారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చాంపియన్. లాక్‌డౌన్ రోజుల్లో చదరంగం ఇంటర్నెట్లోనే విపరీతంగా పెరిగిన మాట నిజం. కానీ చదరంగం మొత్తం ఫోన్లో పడుతుంది. బోర్డు, ఎదుటి ఆటగాడు, గడియారం, అన్నీ దాంట్లోనే. గోల్ఫ్‌లో ఫోను చూపించగలదే కానీ ఆడించలేదు. అంతకంటే దగ్గరి ఉదాహరణ విలువిద్య. అదీ ఖరీదైన సామాను కావలసిన ఆటే, మన జనానికి అలవాటు లేని ఆటే. విజయవాడలో నేర్పేవాళ్లు, బాణం వేసే చోటు దొరికాయి. ఆ ఊరి అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు తెచ్చింది.

అపోహ: రీల్స్ చూసి స్వింగ్ నేర్చుకోవచ్చు.

వాస్తవం: కొంతవరకే. రీల్స్‌లో వచ్చేవన్నీ బంతిని ఆకాశంలోకి లేపే దెబ్బలు. లైకులు వాటికే పడతాయి కాబట్టి మళ్లీ మళ్లీ అవే వస్తాయి. కానీ గోల్ఫ్ లెక్క వేరు. ఒక కోర్సుకి పార్ (మంచి ఆటగాడికి పట్టే దెబ్బల లెక్క) నిర్ణయించేటప్పుడే ప్రతి గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డి) మీదా రెండు పుట్‌లు (బంతిని దొర్లించే దెబ్బలు) పడతాయనుకుంటారు. 18 హోల్స్‌కి 36. పార్ 72 కోర్సులో సరిగ్గా సగం ఆట నేల మీద బంతిని మెల్లగా దొర్లించడమేనన్నమాట. ఆ సగం ఎవరూ రీల్ చేయరు. చేసినా ఎవరు చూస్తారు!

ఫోను నిజంగా పనికొచ్చేది తన స్వింగ్ తానే చూసుకోవడానికి. ఎదురుగా ఒకసారి, వెనక నుంచి ఒకసారి స్లో మోషన్‌లో తీసుకుంటే పట్టు ఎక్కడ సడలిందో, భుజం ఎక్కడ ముందుకొచ్చిందో కనిపిస్తుంది. ఆ వీడియో దూరాన ఉన్న కోచ్‌కి పంపితే సరిదిద్దగలడు. అంతర్జాతీయ నియమాల పుస్తకం కూడా ఫోన్లో ఉచితంగానే దొరుకుతుంది, తెలుగులో లేదన్నదే లోటు. పెద్దలు ఒక జాగ్రత్త మాత్రం మరవకూడదు. గోల్ఫ్ బంతి 46 గ్రాములకు కాస్త తక్కువే అయినా రాయిలా గట్టిది. పేరున్న ఆటగాళ్లు కొడితే గంటకు 250 కిలోమీటర్లు దాటి పోతుంది. వల లేకుండా వీధిలో, అందులోనూ బందరు రోడ్డు పక్కన కొట్టడం ఆట కాదు, ప్రమాదం.

అపోహ: తెలుగువాళ్లకు ఈ ఆటతో పనిలేదు.

వాస్తవం: సాహిత్ తీగల అన్న పేరు వెతికి చూడండి. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియా వెళ్లిన దంపతుల కొడుకు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ విజేత అయ్యాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ఫుల్ స్వింగ్’ సిరీస్‌లో ఒక భాగం అతని మీద నడిచింది. 2024 టూర్ చాంపియన్‌షిప్‌లో ఇసుక గుంటలో క్లబ్ (బంతి కొట్టే కర్ర) వెనక్కి తీస్తూ ఇసుకను తాకించానేమోనని అనుమానం వచ్చి, ఎవరూ అడక్కుండానే అధికారులకు తానే చెప్పి రెండు షాట్ల జరిమానా వేయించుకున్నాడు. అయినా చివరికి మూడో స్థానం దక్కింది. సోషల్ మీడియాలో తెలుగులో తిరగాల్సిన వీడియో అది. మన పేజీల్లో క్రికెటర్ల పెళ్లిళ్లకు ఉన్న చోటు దీనికి లేకపోయింది.

అపోహ: కోర్సు కడితేగాని ఉయ్యూరుకు గోల్ఫ్ రాదు.

వాస్తవం: కోర్సు వద్దు. 18 హోల్స్ కోర్సుకి 100 నుంచి 150 ఎకరాలు కావాలి. కాలవ చివర దివిసీమ రైతు నీళ్ల కోసం ఎదురుచూసే డెల్టాలో అంత మాగాణిని ఆటకి ఇమ్మని ఎవరైనా అడిగితే నేనే అడ్డం పడతాను. మన నల్లరేగడి కూడా ఆ ఆటకి ఒప్పుకోదు. వానలో జారుతుంది, ఎండలో బీటలు వారుతుంది. నీరు నిలవకుండా గ్రీన్ కట్టాలంటే కింద కంకర పరిచి, పైన అడుగు మందాన ఇసుక పొర వేస్తారు. గడ్డి సంగతి మాత్రం తమాషాగా ఉంటుంది. వేడి దేశాల కోర్సుల్లో ఎక్కువగా పెంచే బెర్ముడా గడ్డి మన గట్ల మీద పీకీ పీకీ విసిగిపోయే గరికే. వినాయక చవితికి కోసుకొచ్చేదీ అదే.

కోర్సు లేకుండానే ఆట పెరిగిన దేశాలున్నాయి. స్థలం చాలని దక్షిణ కొరియాలో 2000లో మొదలైన గోల్ఫ్‌జోన్ సంస్థ గదిలో తెర ముందు బంతి కొట్టే ఆటని ఊరూరా తీసుకెళ్లింది. అమెరికాలో 2023లో కోర్సులో అడుగు పెట్టకుండా రేంజ్‌లు, సిమ్యులేటర్లలోనే ఆడినవాళ్లు 1.8 కోట్లకు పైనేనని అక్కడి నేషనల్ గోల్ఫ్ ఫౌండేషన్ లెక్క. ఉయ్యూరుకి సిమ్యులేటర్ కూడా అవసరం లేదు. స్కూలు ఆవరణలో ఒక మూల గట్టి వల, దాని ముందు ఒక చాప, పక్కన 108 మిల్లీమీటర్ల హోల్ ఉన్న పుటింగ్ మ్యాట్ చాలు. పోటీలో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు కానీ, నేర్చుకునేవాడికి ఒక సెవెన్ ఐరన్, ఒక పుటర్ ఉంటే మొదటి ఏడాది గడిచిపోతుంది. వేళలు పంచుకోవడానికి ఒక వాట్సాప్ గ్రూపు, పిల్లల వీడియోలు చూసి తప్పు చెప్పే ఒక కోచ్, నియమాలు తెలుగులో చెప్పే ఒక చానల్ ఉండాలి. ఇంటర్నెట్ చేయగల మేలు అంతవరకే, అది తక్కువేం కాదు.

గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డల నుంచి అమెరికా వెళ్లి శని, ఆదివారాల్లో గోల్ఫ్ ఆడే అన్నలకీ అక్కలకీ ఒక మనవి. ఆడుతున్న ఫొటోలు పెట్టండి, కాదనం. ఈసారి సంక్రాంతికి వచ్చేటప్పుడు గ్యారేజీలో మూలపడ్డ పాత సెవెన్ ఐరన్, పుటర్ కూడా తెచ్చి, మీరు చదివిన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారి చేతిలో పెట్టండి. బంతి ఎలా కొట్టాలో తెలుగులో ఒక వీడియో తీసి ఆయనకి పంపండి.