అరికాలి మచ్చ

పాలారు తీరమునందలి వేలూరు పేరు వినినంతనే చిత్తూరు, పలమనేరు సీమల తెలుగువారికి కోటకంటె ముందు ఆసుపత్రి మనసున మెదలును. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచముతో ఆరంభించిన చికిత్సాలయము క్రైస్తవ వైద్య కళాశాలయై ఖ్యాతి గాంచిన సంగతి అందరెరిగినదే. కాని, ఆ చేరువనే కరిగిరియందు 1955లో నెలకొన్న కుష్ఠురోగ పరిశోధనాలయపు కార్యకర్తలు గుడియాత్తం తాలూకాలో ఊరూర తిరిగి, ఇంటింటివారి చర్మమును పరీక్షించి, తొలిదశలోనే వ్యాధిని పట్టి చికిత్స చేసిన పుణ్యగాథను మన ప్రవాస యువతరము అంతగా ఎరుగదు. మచ్చ బయటపడినచో పెండ్లి తప్పునని, కూలి పోవునని, ఊరు వెలివేయునని వెరచి జనులు దానిని పంచెమాటున, పైటచాటున దాచుకొనెడివారు. దాచిన కొలది స్పర్శ నశించెడిది, అరికాలియందు పుండు పడెడిది. ఏండ్ల తరబడి మానని అట్టి పుండ్లలో కొన్ని తుదకు చర్మ క్యాన్సరుగా మారెడివి.

ఆ వెరపే రూపము మార్చుకొని, అమెరికాలో సొంత ముచ్చటకై విమానము నడపు మిత్రులను పట్టుచున్నది. మచ్చ చూపినచో విమానము నడుపుటకు వలసిన వైద్య ధ్రువపత్రము పోవునేమో యని వారి శంక.

కాని, మచ్చను దాచుట వారికే ముప్పు. ఎత్తునకు పోయిన కొలది, ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పదవ వంతు చొప్పున, అతినీలలోహిత కిరణముల తీవ్రత హెచ్చును. పైలట్లలోను, విమాన సిబ్బందిలోను మెలనోమా యను చర్మ క్యాన్సరు సామాన్య జనులకంటె దాదాపు రెండింతలు కనబడునని 2015లో వెలువడిన పరిశోధనల సమీక్ష యొకటి తేల్చినది. నల్లని మేనివారము, మనకేల యను ధీమా కొంతవరకే చెల్లును. మనవంటివారిలో మెలనోమా తరచుగా ఎండ సోకని అరికాలియందు, అరచేత, గోటి క్రింద పుట్టును, ఎవరును చూడని చోట పుట్టుటచేతనే ఆలస్యముగా దొరకును.

ఇక ధ్రువపత్రము మాట. అమెరికా విమానయాన శాఖవారి దరఖాస్తులో గడచిన 3 సంవత్సరములలో దర్శించిన వైద్యుల వివరములు వ్రాయవలెను. బేసల్ సెల్, స్క్వేమస్ సెల్ రకముల చర్మ క్యాన్సరును పూర్తిగా కోసి తీసివేసి, వ్యాప్తి లేదని తేలినచో సాధారణముగా పరీక్షించు వైద్యుడే పత్రము నీయగలడు. మెలనోమా విషయమున అది ఎంత లోతు దిగినది, ఇతరావయవములకు ప్రాకినదా యన్నవే నిర్ణాయకములు; లోతైనదైనచో నివేదికలు పంపి శాఖవారి అనుమతి పొందవలెను, పలుచనిదైనచో మరల ఎగురుట కష్టము కాదు. గాయము మానువరకు, మత్తు కలిగించు నొప్పిమందులు వాడునంతవరకు, పత్రము చేతనున్నను విమానము నడుపరాదు. ఎరిగి యెరిగి అబద్ధము వ్రాయుట మాత్రము నేరము; దానివలన పోయిన లైసెన్సు ఏ శస్త్రచికిత్సచేతను తిరిగి రాదు.

మిత్రులారా, ఈ రాత్రియే దీపము వెలుగున అరికాళ్లను ఒకమారు చూచుకొనుడు. క్రొత్తగా పుట్టిన మచ్చయో, పెరుగుచున్న పాత మచ్చయో, నెల దాటినను మానని పుండో కనబడినచో రాబోవు పరీక్షకై ఆగక చర్మవైద్యునికి చూపుడు. సెలవులకు స్వస్థలము వచ్చినవారైనచో వేలూరు దూరము లేదు.