గాలికి నిలిచేదే పక్కా ఇల్లు

ఇల్లు పక్కాదా, కచ్చాదా అని తేల్చడానికి మన దేశంలో రెండు కొలతలు వాడుకలో ఉన్నాయి. జనాభా లెక్కల్లో గోడలు దేనితో కట్టారు, కప్పు దేనితో వేశారు అని చూస్తారు. కాల్చిన ఇటుక, రాయి, కాంక్రీటు అయితే పక్కా. పచ్చిమట్టి, తాటాకు అయితే కచ్చా. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ మార్గదర్శకాలు వేరేగా చెబుతాయి. వాడకానికీ ఎండావానలకూ తట్టుకుని, మామూలు మరమ్మతులతో కనీసం 30 ఏళ్ళు నిలబడే ఇల్లు పక్కా ఇల్లు. మొదటి కొలత సామాను పేరు అడుగుతుంది. రెండోది ఇంటి సత్తా అడుగుతుంది. సొంత చేతులతో, దొరికిన సామానుతో ఇల్లు కట్టుకునే పేద కుటుంబానికి రెండో కొలతే న్యాయమైనది. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య తుపాను, వరద, ఉప్పుగాలి మూడూ తగిలే కోనసీమలో ఈ తేడా మరీ ముఖ్యం.

ఇళ్ళ నిర్మాణ నియమాల, పథకాల చరిత్ర క్లుప్తంగా ఇది. జాతీయ భవన నిర్మాణ స్మృతి 1970లో మొదట వచ్చి 1983, 2005, 2016ల్లో మారింది. రాష్ట్రాలు తమ నిబంధనల్లో చేర్చుకుంటేనే దానికి చట్టబలం. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత రెండేళ్ళకు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసి, కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. 2004లో భారతీయ ప్రమాణాల సంస్థ చిన్న ఇళ్ళను తుపాను నుంచి కాపాడే మార్గదర్శకాలు ప్రచురించింది. దాని సంఖ్య ఐఎస్ 15498. పేదల ఇళ్ళకు ప్రత్యామ్నాయ నిర్మాణ నియమావళి కావాలని అడిగేవాళ్ళు ముందు చదవాల్సింది ఈ చిన్న పుస్తకాన్నే.

దీని విలువ ఏమిటంటే, తాటాకు కప్పును ఇందులో తీసిపారేయలేదు. స్లాబు వేసుకోమని చెప్పి చేతులు దులుపుకోలేదు. తాటాకు, పెంకు, రేకు, ఒక్కొక్కటీ ఎందుకు ఎగిరిపోతుందో, ఎగిరిపోకుండా ఏం చెయ్యాలో విడివిడిగా చెప్పారు.

ముందుగా గాలి లెక్క. పవన భారాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం కోనసీమ తీరంలో ఇంటికి లెక్కించాల్సిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఈ వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. ఇంటి ఎత్తును బట్టి, చుట్టూ ఉన్న తోపులను బట్టి ఇది కొంత మారుతుంది. ఈ ఒత్తిడి గోడను నెడుతుంది, కప్పును మాత్రం పైకి లాగుతుంది. ఎంత బలంగా లాగుతుందన్నది కప్పు వాలును బట్టి ఉంటుంది. గాలి ఎదురుగా కొట్టే వైపున వాలు 10 డిగ్రీలుంటే ఆ ఒత్తిడికి 1.2 రెట్లు, అంటే చదరపు మీటరుకు 180 కిలోల లాగుడు. వాలు 20 డిగ్రీలకు పెరిగితే అదే లాగుడు 0.4 రెట్లకు, 60 కిలోలకు దిగిపోతుంది. ఇనుప రేకు చదరపు మీటరుకు పది కిలోలు కూడా తూగదు. కర్రలతో కలిపి బంగాళా పెంకుల కప్పు 65 కిలోల దాకా ఉంటుంది. పది సెంటీమీటర్ల స్లాబు 250 కిలోలు. స్లాబు నిలవడానికీ, తక్కువ వాలు రేకుల షెడ్డు మొదట లేచిపోవడానికీ కారణం ఈ అంకెల్లోనే ఉంది.

అందుకే కప్పు వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలని ఐఎస్ 15498 మార్గదర్శకాలు సూచిస్తాయి. గాలి దూలం పొడవునా వీచినప్పుడు రెండు వాలుల కప్పు కింద త్రికోణపు గోడ దెబ్బ తింటుంది కాబట్టి నాలుగు వైపులా వాలిన కప్పు మేలంటాయి. ఇంటి పొడవు వెడల్పుకు మూడు రెట్లు మించకూడదు. ఎల్ ఆకారపు ఇళ్ళ కంటే సౌష్ఠవమైన ఆకారం మంచిది. చూరు మరీ బయటికి చొచ్చుకు రాకూడదు. నాలుగు వాలుల పాకలు, నిట్రాళ్ళు, దూలాలు ఎరిగిన కోనసీమ వడ్రంగికి ఇందులో కొత్తగా నేర్వాల్సింది కొంచెమే.

తాటాకు కప్పు మీద నైలాను తాళ్ళో పీచు తాళ్ళో ఐమూలగా అల్లి కట్టాలి. తుపాను హెచ్చరిక రాగానే తేలికపాటి కప్పు మొత్తం మీద తాళ్ళ వల పరిచి నేలలోకి దిగేసి కట్టాలి. పెంకుటింటికి మధ్యమధ్య కాంక్రీటు పట్టీలు పోసి పెంకులను వాటిలో బిగించాలి. అది కుదరకపోతే గాలి ఎక్కువ లాగే అంచుల మీద చికెన్ మెష్ పరిచి సిమెంటు పూత వెయ్యాలి. రేకులకు జె-బోల్టుల బదులు యు-బోల్టులు వాడాలి. తలుపులు, కిటికీలు బలంగా మూసుకోవాలి. ఒక్క తలుపు పగిలి గాలి లోపలికి దూరితే కప్పును కింది నుంచి కూడా తోస్తుంది. వాసం దూలానికి, దూలం గోడకు, గోడ పునాదికి బిగిసి ఉండాలన్నది వీటన్నిటికీ మూలసూత్రం. ఈ గొలుసులో ఏ లంకె తెగినా మిగతా ఖర్చంతా వృథా. యు-బోల్టుకో తాడుకో అయ్యే డబ్బు కూలీ కుటుంబానికి అందనిదేం కాదు.

పవన భారాల ప్రమాణంలో మరో పట్టిక ఉంది. 25 ఏళ్ళ ఆయుర్దాయంతో కట్టే పొలం షెడ్ల వంటి నిర్మాణాలకు 50 మీటర్ల వేగాన్ని 0.90తో గుణించుకోవచ్చు. నివాస గృహాలకు ఆ మినహాయింపు లేదని అదే పట్టికలో ఉంది. అది సరైన నిర్ణయం. పేదల ఇంటికి చవక నియమావళి కావాలంటే సామానులో, గది కొలతల్లో, కాగితాల పనిలో సడలింపు ఇవ్వాలి. గాలి లెక్కలో సడలింపు ఇస్తే దాని మూల్యం ప్రాణాలతో చెల్లించాలి.

స్లాబు మీద జనానికున్న మోజును తప్పు పట్టడానికీ వీల్లేదు. ఏటేటా కప్పు నేయించుకునే ఖర్చు, నిప్పంటుకుంటే వాడంతా తగలబడే భయం ఎవరికి వాళ్ళే ఎరుగుదురు. 1986 ఆగస్టు, 2022 జూలై వరదల వంటివి వచ్చినప్పుడు లంక గ్రామాల్లో ఎక్కి కూర్చోవడానికి డాబా ఒక ఆసరా. అయితే స్లాబుకు దాని జబ్బు దానికుంది. ఉప్పుగాలి, ఉప్పునీరు తగిలే చోట ఉప్పున్న ఇసుకతో, పలచని పూతతో పోసిన కాంక్రీటు, లోపలి ఇనుము త్వరగా తుప్పు పట్టి, పెచ్చులూడుతుంది. 30 ఏళ్ళ కొలతను నిజాయితీగా వాడితే అలాంటి స్లాబు ఇల్లు తప్పవచ్చు, గట్టిగా బిగించిన పెంకుటిల్లు నెగ్గవచ్చు.

గోడల సంగతి క్లుప్తంగా చాలు. మట్టి దిమ్మెలకు ఐఎస్ 1725 ఉంది. డెల్టా జిగురుమన్ను నీటికి ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. ఇసుక కలపకుండా, సిమెంటో సున్నమో చేర్చకుండా దానితో దిమ్మెలు చెయ్యడం మంచిది కాదు. బేస్‌మట్టం వరద ఆనవాలు కంటే పైన ఉండాలి. నీట మునిగే చోట పచ్చిమట్టి గోడకు ఏ ప్రమాణమూ రక్షణ ఇవ్వదు.

ఇక కట్టేదెవరు? ఆవాస్ యోజన గ్రామీణ్‌లో ఇల్లు లబ్ధిదారే కట్టుకోవాలి, కాంట్రాక్టరుకు అప్పగించకూడదు. కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. 2016లో పథకం మొదలైనప్పుడు మైదాన ప్రాంతాలకు సాయం 1.20 లక్షలు, దానికి తోడు 90 రోజుల ఉపాధి హామీ కూలి. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ళ పథకంలో యూనిట్ ధర అప్పట్లో 1.80 లక్షలు, ఇల్లు 340 చదరపు అడుగులు. లబ్ధిదారుల ముందు మూడు దారులు పెట్టారు: ప్రభుత్వం సామాను ఇవ్వడం, డబ్బు తీసుకుని సొంతంగా కట్టుకోవడం, ప్రభుత్వమే కట్టించడం. దారులు మూడున్నా ఇంటి నమూనా మాత్రం దాదాపు ఒకటే. అంతర్వేది ఒడ్డున ఉన్నవాళ్ళకూ కొత్తపేట కొబ్బరితోటలో ఉన్నవాళ్ళకూ ఒకే నమూనా ఎలా సరిపోతుంది?

దేశాంతరాల్లో

కాలిఫోర్నియాలో 1970ల్లో పల్లెలకు వెళ్ళి సొంతంగా ఇళ్ళు కట్టుకున్నవారికీ భవన అధికారులకూ గొడవలు ముదిరాయి. మెండొసినో ప్రాంతవాసులు ఆ పోరాటంలో ముందున్నారు. ఫలితంగా ఆ రాష్ట్ర నిబంధనల్లో 25వ శీర్షిక కింద, జనం పలచగా ఉండే పల్లెల్లో యజమానులే కట్టుకునే ఇళ్ళకు ప్రత్యేక విభాగం వచ్చింది. అమలు చెయ్యాలా వద్దా అన్నది కౌంటీల ఇష్టం. పాత సామాను, సొంతంగా కోసుకున్న కలప వాడుకోవచ్చు. కరెంటు పెట్టించి తీరాలన్న నిర్బంధం లేదు. ఇల్లు ప్రమాదకరంగా ఉండకూడదు, పారిశుధ్యం తప్పదు. కట్టి అమ్ముకునేవాళ్ళు దీని చాటున దాక్కోకుండా అమ్మకం మీద ఏడాది అడ్డుకట్ట పెట్టారు. న్యూజిలాండ్‌లో మట్టి ఇళ్ళకు మూడు ప్రమాణాలున్నాయి. మూడోది, 4299, ఇంజనీరు చేత ప్రత్యేకంగా లెక్కలు కట్టించకుండానే పట్టికలు చూసి కట్టుకునేందుకు రాసినది. మనకు కావలసిన నమూనా ఇదే.

తాటి, కొబ్బరి

ఈ రెండు చెట్లకూ చేవ అంచున ఉంటుంది, నడిమి మెత్తన. దూలానికి, వాసానికి ముదురు చెట్టు వెలుపలి భాగమే పనికొస్తుంది. నడిమి భాగం పలకలకూ తాత్కాలిక పనులకూ సరి. నేలకు ఆనించి పాతితే చెదలు, కుళ్ళు తప్పవు కాబట్టి స్తంభాన్ని రాయి మీదో కాంక్రీటు దిమ్మె మీదో నిలిపి ఇనుప పట్టీతో బిగించాలి. కాపు తగ్గిన ముసలి చెట్లను వంటచెరకుగా పోనివ్వకుండా ఇంటికప్పుకు వాడుకునే వీలు ప్రతి ఊళ్ళోనూ ఉంది.

ఐఎస్ 15498 ఇంగ్లీషులో, ఇంజనీర్ల భాషలో ఉంది. గృహనిర్మాణ సంస్థ అందులోని సారాన్ని బొమ్మలతో నాలుగు పేజీల తెలుగు కరపత్రంగా వేయించి, ఇంటి మంజూరు పత్రంతో పాటే ఇవ్వాలి. గ్రామ సచివాలయంలోని ఇంజనీరింగ్ అసిస్టెంటు బిల్లు పెట్టే ముందు స్లాబు పడిందా అని మాత్రమే చూస్తే చాలదు. కప్పు గోడకు, గోడ పునాదికి బిగిసిందా అని కూడా చూడాలి. కొత్తగా ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు కూడా మేస్త్రీతో బేరం కుదిరే ముందు ఆ ప్రశ్నే అడగాలి.