ఇంటిపేరు దొరికితే ఊరు దొరుకుతుంది

మలేసియా తెలుగువాళ్లు పైసా ఖర్చు లేకుండా తాతముత్తాతల జాడ వెతుక్కోవచ్చు. మొదటి మెట్టు మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరే.

మలేసియాలో పుట్టిన తెలుగు బిడ్డ జనన ధ్రువపత్రం చూస్తే సాధారణంగా పేరు 'ఫలానా అప్పలసామి ఏ/ఎల్ ఫలానా రాములు' అన్న తీరులో ఉంటుంది. కొడుకైతే ఏ/ఎల్, కూతురైతే ఏ/పీ, ఆ తర్వాత తండ్రి పేరు. అంతే. ఇంటిపేరుకు అందులో చోటు లేదు. కొన్ని కుటుంబాలకు చివర 'నాయుడు' మిగిలింది కానీ దాన్ని పట్టుకుని ఊరు చేరలేం. అందుకే నాలుగో తరం పిల్లలు "మనదే ఊరు?" అని అడిగితే, "వైజాగ్ వైపు" అన్న జవాబు దగ్గరే మాట ఆగిపోతోంది.

ఆ మాటను జిల్లా దాకా, మండలం దాకా, వీలైతే వీధి దాకా తీసుకెళ్లవచ్చు. కావాల్సిందల్లా ఓపిక, ఇంటర్నెట్ ఉన్న ఫోను.

కాగితం లేని ప్రయాణం

19వ శతాబ్దం చివరి నుంచి ఉత్తరాంధ్ర, గోదావరి, చిత్తూరు ప్రాంతాల జనం మలయా తోటలకు వెళ్లారు. పెరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరి తోటల్లో, కెడా, జొహోర్ రబ్బరు తోటల్లో కుదురుకున్నారు. మద్రాసు దగ్గరి ఆవడి శిబిరంలోనో, నాగపట్నంలోనో ఆగి ఓడెక్కేవారు. 1926 నుంచి ఆ దారిలో తిరిగిన 'రజూలా' ఓడ పేరు పాత తరానికి బాగా తెలుసు.

వేరే దేశాలకు వెళ్లినవాళ్ల సంగతి వేరు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నుంచి 1911 దాకా ఒప్పందం మీద వెళ్లిన 1,52,184 మందికి ఓడ జాబితాలు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు వాటిలో రాసిపెట్టారు. ఇప్పుడవి ఉచితంగా వెతుక్కోవచ్చు. మారిషస్‌లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర కూలీల ఫొటోలు కూడా భద్రంగా ఉన్నాయి. మలయా తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఆ అదృష్టం లేదు. ఒప్పంద కూలీ పద్ధతి అక్కడ 1910లో ముగిసింది. అప్పటికే బలపడిన కంగాణీ పద్ధతిలో తోట మేస్త్రీయే సొంతూరికి వచ్చి చుట్టాలను, ఇరుగుపొరుగును వెంటబెట్టుకుని వెళ్లేవాడు. 1938లో భారత ప్రభుత్వం ఈ వలసను ఆపేదాకా ఇదే తీరు. మనిషికో ఒప్పంద పత్రం లేదు కాబట్టి మనవళ్లకు ఆధారమూ తక్కువే.

ఆ కంగాణీ పద్ధతే మనకొక దారి కూడా చూపిస్తుంది. ఒకే మేస్త్రీ వెంట వచ్చినవాళ్లు ఒకే ఊరివాళ్లో, పక్క ఊళ్లవాళ్లో అయ్యుంటారు. మీ ఇంట్లో ఊరి పేరు మరిచిపోయినా, అదే తోటలో మీ తాత పక్కగదిలో ఉన్న కుటుంబానికి గుర్తుండొచ్చు. కాబట్టి మన ఇంటి చెట్టు ఒక్కటే గీసుకుంటే చాలదు. ఆ తోటలోని తెలుగు కుటుంబాలన్నిటి వివరాలూ ఒకచోట చేర్చాలి.

పెద్దవాళ్లను ఏమడగాలి?

ఊరి పేరు అడిగితే చాలామంది తెలియదంటారు. ఆ చుట్టుపక్కల సంగతులు అడగండి. ఏ అమ్మవారికి మొక్కేవారు? పైడితల్లి అంటే విజయనగరం వైపు, నూకాలమ్మ అంటే అనకాపల్లి వైపు, పోలమాంబ అంటే శంబర వైపు, కోటదుర్గమ్మ అంటే పాలకొండ వైపు వెతకడం మొదలుపెట్టొచ్చు. ఇంట్లో అప్పన్న, అప్పలసామి, సింహాచలం పేర్లు తరతరాలుగా తిరుగుతుంటే సింహాద్రి అప్పన్న భక్తుల నేల అని ఊహించవచ్చు. ఏ సంతకు వెళ్లేవారు, ఏ స్టేషన్లో రైలెక్కారు, ఏ ఏరు దాటారు, మేస్త్రీ పేరేంటి, పెళ్లిళ్లలో ఇంటిపేరు ఏమని చెప్పుకునేవారు? ఇవన్నీ వాళ్ల గొంతులోనే రికార్డు చేయండి. ఫ్యామిలీ సెర్చ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వంశవృక్షం గీసి, ఒక్కొక్కరి పేరు పక్కన ఫొటోలు, ఆ గొంతులు కూడా దాచుకోవచ్చు.

తర్వాత ఇంట్లోని పెట్టెలు తెరవండి. కమ్యూనిస్టు తిరుగుబాటు మీద బ్రిటిష్ ప్రభుత్వం విధించిన ఎమర్జెన్సీ కాలంలో, 1948 నుంచి, పన్నెండేళ్లు నిండినవాళ్లందరికీ మలయాలో గుర్తింపు కార్డులు ఇచ్చారు. పాత కార్డు, పాస్‌పోర్టు, మరణ ధ్రువపత్రం, ఇండియా నుంచి వచ్చిన ఉత్తరాల కవర్లు... దేన్నీ పారేయకండి. కవరు మీది తపాలా ముద్ర ఊరికి చాలా దగ్గరి ఆనవాలు.

ఉచితంగా దొరికేవి

సింగపూర్ జాతీయ గ్రంథాలయం నడిపే వెబ్‌సైట్ న్యూస్‌పేపర్‌ఎస్‌జీలో 'స్ట్రెయిట్స్ టైమ్స్' 1845 నాటి నుంచి ఉంది. 'మలయా ట్రిబ్యూన్' లాంటి పాత పత్రికలూ ఉన్నాయి. సమ్మెలు, ప్రమాదాలు, కోర్టు కేసులు, పండగల వార్తల్లో తోటల పేర్లు కనిపిస్తాయి. మనిషి పేరుతో పాటు తోట పేరుతోనూ వెతకండి. ఇంగ్లిష్ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు కాబట్టి అప్పలసామి, అపలసామి, అప్పల స్వామి, ఇలా ప్రతి రూపమూ ప్రయత్నించాలి. తెలుగువాళ్లను కూడా 'తమిళులు' అనో, 'కూలీలు' అనో కలిపి రాసిన వార్తలు ఉంటాయని గుర్తుంచుకోండి.

అదే గ్రంథాలయం బుక్‌ఎస్‌జీ విభాగంలో పాత స్ట్రెయిట్స్ డైరెక్టరీలు ఉన్నాయి. ఏ తోట ఎక్కడుండేది, ఏ కంపెనీది, మేనేజరు ఎవరు అన్నది అందులో చూడొచ్చు. తోటల యాజమాన్యాలు మారాయి కాబట్టి ఇది ముఖ్యం. ఉదాహరణకు, గుత్రీ కంపెనీ 1981లో మలేసియా చేతికి వచ్చింది, 2007లో సైమ్ డార్బీలో కలిసింది, 2024లో సైమ్ డార్బీ ప్లాంటేషన్ సంస్థ పేరు ఎస్‌డీ గుత్రీగా మారింది. ఈ వరస తెలిస్తేనే పాత చెక్‌రోల్ (కూలీల హాజరు పుస్తకం) గురించి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

భారత జాతీయ అభిలేఖాగారం వారి 'అభిలేఖ్ పటల్' వెబ్‌సైట్‌లో వలస విభాగం దస్త్రాలు ఉన్నాయి. కౌలాలంపూర్‌లోని అర్కిబ్ నెగారా (జాతీయ అభిలేఖాగారం) తన దస్త్రాల పట్టికను ఆన్‌లైన్‌లో ఉంచింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులుగా చనిపోయినవారి పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో దొరుకుతాయి. సయాం మరణ రైలుమార్గానికి జపాన్ తరలించిన తోట కూలీల పేర్లు మాత్రం అందులో ఉండవు. వాళ్లను గుర్తుంచుకోవాల్సింది మన కుటుంబాలే.

ఈ ఒడ్డున

"మాది గంజాం జిల్లా" అని తాత చెప్పి ఉంటే కంగారుపడకండి. 1936లో గంజాం ఒరిస్సాకు వెళ్లినప్పుడు దాని దక్షిణ తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే, విశాఖపట్నం జిల్లాలో ఉండిపోయాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం, అనకాపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. 1907లో వచ్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. అందులో పాత తాలూకాలు, జమీందారీల వివరాలు ఉన్నాయి.

ఊరు తేలాక ఆంధ్రప్రదేశ్ ఓటర్ల జాబితా తెరవండి. పోలింగ్ కేంద్రాల వారీగా, తెలుగులో, ఇంటిపేర్లతో సహా ఉంటుంది. మీ ఇంటిపేరు ఆ ఊళ్లో పదిచోట్ల కనిపిస్తే చుట్టాలు అక్కడే ఉన్నారన్న ఆశ పెట్టుకోవచ్చు. భూమి రికార్డులు సెంటు భూమి లేక వలస పోయినవాళ్లను పట్టివ్వవు. అలాంటి కుటుంబాలకు ఇంటిపేరే పెద్ద ఆస్తి.

ఐర్లాండ్ చేసింది, మనమూ చేయాలి

1922 జూన్ 30న డబ్లిన్‌లో రికార్డుల భవనం తగలబడి ఐర్లాండ్ పాత జనాభా లెక్కలు బూడిదయ్యాయి. అయినా ఆ దేశం చేతులెత్తేయలేదు. 19వ శతాబ్దం నడుమ పన్నుల కోసం చేసిన గ్రిఫిత్ మదింపు పట్టికలనే జనాభా లెక్కలకు బదులుగా వాడుకుంది. 1901, 1911 జనాభా లెక్కలను ఇంటింటి పత్రాలతో సహా ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. 2015లో జాతీయ గ్రంథాలయం చర్చి రిజిస్టర్లను అందరికీ తెరిచింది. వలసపోయిన వాళ్ల మనవళ్లు కూడా తమవాళ్లేనని ఆ దేశం చేతల్లో చూపించింది.

మనకూ ఆ మనసు కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీ వలస దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిలో తెలుగు జిల్లాలకు చెందినవి స్కాన్ చేయించి, ఊరి పేరుతో వెతికేలా ఉచితంగా పెట్టే పని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తలకెత్తుకోవాలి. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన మలేసియా తెలుగు సంఘం తోటల వారీగా ఇంటిపేర్ల పట్టిక తయారుచేస్తే సగం పని తేలికవుతుంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలను కౌలాలంపూర్‌లో జరుపుకున్న సమాజానికి ఇది అసాధ్యమేమీ కాదు.

ఉత్తరాంధ్ర పాఠకులకో మాట. మలేసియా నుంచి ఎవరైనా ఒక ఇంటిపేరు పట్టుకుని మీ ఊరొస్తే కూర్చోబెట్టి మాట్లాడండి. మీ ఇంట్లో "రబ్బరు దేశం పోయి మళ్లీ రాలేదు" అని చెప్పుకునే మనిషి ఉంటే, ఆయన పేరు, తండ్రి పేరు, వెళ్లిన ఏడాది ఈ వారమే ఒక కాగితం మీద రాయండి. అటువైపు వెతికేవాళ్లు ఉన్నారు. ఇటువైపు నుంచి కూడా వెతకడం మొదలైతేనే రెండు పేర్లూ కలుస్తాయి.