ఫోర్-వీల్ పట్టకపోతే ముందే గేర్ పెట్టె విప్పించొద్దు



నాలుగో జ్వరం లేచినాక పురుగు ఎట్లా తింటుందో మనకు చెప్పక్కర్లేదు. మొత్తం పంటకు పెట్టే ఆకులో 80 శాతానికి పైన ఆ చివరి ఏడెనిమిది రోజుల్లోనే పోతుంది. ఆ రోజుల్లోనే వాన పడి, తోటలో ఆకు బండి దిగబడి, ఫోర్-వీల్ వేసినా ముందు చక్రాలు కదలకపోతే షెడ్డులో పురుగు పస్తులుంటుంది. గూళ్లు విడిపించి మార్కెట్‌కు బయల్దేరిన రోజు ఇదే జరిగితే ఇంకా కష్టం. వానలో తడిసి, మూటల్లో ఉడికిన గూటికి రామనగరంలో అయినా, శిడ్లఘట్టలో అయినా, హొసూరులో అయినా పలికే రేటు వేరు.

ఫోర్-వీల్ పట్టడం లేదని బండి తీసుకపోతే చాలా చోట్ల వినిపించే మొదటి మాట "పెట్టె దించాల". ఆ పెట్టె పేరు ట్రాన్స్‌ఫర్ కేస్. అది దించితే కూలీ, పార్టులు కలిసి ఒక పంట లాభానికి గండి పడుతుంది. కానీ తప్పు ఎక్కువసార్లు దాని బయటే ఉంటుంది: చక్రం దగ్గర, ఒక రబ్బరు పైపులో, లేదంటే ఒక వైరులో. అందుకే బయటి నుంచి లోపలికి వెతకాల.

మొదట బండి ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. మన దగ్గర తిరిగే పికప్పుల్లో చాలావాటికి వెనక చక్రాలకే పవర్ ఉంటుంది. ఫోర్-వీల్ రకం బొలెరో క్యాంపర్, టాటా యోధ, ఇసుజు వీ-క్రాస్ లాంటి కొన్నింటిలోనే వస్తుంది. గేర్ బాక్స్ వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ఒక షాఫ్టు వెనక్కి, ఒకటి ముందుకి పోతాయి. ముందు షాఫ్టు డిఫరెన్షియల్‌ను తిప్పుతుంది, అక్కడి నుంచి యాక్సిల్ రాడ్లు రెండు చక్రాలకూ పోతాయి. చాలా బళ్లలో ఇంకొక కొక్కెం కూడా ఉంటుంది. మామూలు రోడ్డు మీద ముందు భాగమంతా ఊరికే తిరగకుండా, చక్రం దగ్గర హబ్ లాకో, యాక్సిల్ మధ్యలో ఒక జోడింపో పెడతారు. కొన్నింటిలో దాన్ని చేత్తో తిప్పాల, కొన్నింటిలో వ్యాక్యూమ్ గాలి గుంజుతుంది, కొన్నింటిలో కరెంటు మోటార్ తిప్పుతుంది.

ఇందులో తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. రెండు హబ్‌లలో ఒక్కటి పట్టకపోయినా ముందు రెండు చక్రాలకూ బలం పోదు. డిఫరెన్షియల్ ఎప్పుడూ సులువుగా తిరిగే పక్కకే పవర్ వదిలేస్తుంది కాబట్టి, విడిగా ఉన్న రాడ్డు లోపల ఉత్తగా తిరుగుతుంది, చక్రాలు రెండూ మొద్దులా ఉంటాయి. డ్యాష్‌బోర్డులో 4 లైటు మాత్రం వెలుగుతూనే ఉండొచ్చు. చాలా బళ్లలో ఆ లైటు చెప్పేది ట్రాన్స్‌ఫర్ కేస్ సంగతే, హబ్ సంగతి కాదు. లైటును నమ్మొద్దు. లైటు వెలగకుండా ఫోర్-వీల్ బాగా పట్టే బళ్లు కూడా ఉన్నాయి, అక్కడ పోయింది స్విచ్చో వైరో మాత్రమే.

ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్ష చెప్తాను. చదునైన గట్టి నేల మీద బండి పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. లివర్ 4హెచ్‌లో, బండి ఫస్ట్ గేర్‌లో ఉండాల. నాబ్ తిప్పే బండి అయితే ఇంజన్ మీదనే 4హెచ్ పట్టించి, తర్వాత ఇంజన్ ఆపండి. హబ్‌లు చేత్తో తిప్పేవైతే రెండూ లాక్‌లో ఉండాల. ముందు రెండు చక్రాలూ జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరొద్దు. ఆ స్థితిలో ఇంజన్ అస్సలు స్టార్ట్ చేయొద్దు, వెనక చక్రాలు నేల మీదున్నాయి, బండి స్టాండ్ల మీద నుంచి దూకుతుంది.

ఇప్పుడు ముందు షాఫ్టును చేత్తో తిప్పి చూడండి. కొంచెం ఆట మాత్రమే ఉండి బిగుసుకుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ పట్టినట్లే, పెట్టె విప్పే పని లేదు. తర్వాత ఒక చక్రం తిప్పండి. రెండోది ఎదురు దిక్కుకు తిరిగితే హబ్‌లు, యాక్సిల్ అన్నీ బాగున్నాయి. రెండోది కదలకుండా, షాఫ్టూ కదలకుండా ఈ చక్రం ఒక్కటే తిరిగితే ఎక్కడో ఒక పక్క జోడింపు పట్టలేదు. అట్లా కాక షాఫ్టే సులువుగా గిరగిరా తిరిగితే అప్పుడు తప్పు పెట్టె దగ్గర. అప్పుడైనా ముందు లివర్ కింది లింకు, దాని బుష్‌లు చూడాల. బుష్ అరిగి లివర్ సగమే పోయి ఆగిపోవడం పాత బళ్లలో మామూలే.

జోడింపు పట్టని బండికి చేత్తో తిప్పే హబ్ అయితే విప్పి, మట్టి, ఎండిపోయిన గ్రీజు కడిగి, పలచగా కొత్త గ్రీజు పెడితే తరచుగా లేస్తుంది. గ్రీజు మరీ కుక్కితే అదే అడ్డం పడుతుంది. వ్యాక్యూమ్ రకమైతే, ఇంజన్ స్టార్ట్‌లో ఉండి 4హెచ్ వేసినప్పుడు పైపు చివర వేలు పెడితే గుంజాల. గుంజకపోతే ఆ పైపు మొత్తం తడిమి చూడండి. షెడ్డు పక్కన నిలిపిన బండి అంటే ఎలుకలకు పండగ, రబ్బరు పైపులు, వైర్లు కొరికేస్తాయి. ఒకవేళ బ్రేకు పెడల్ కూడా గట్టిబడి ఉంటే వ్యాక్యూమ్ పంపు మీద అనుమానం పెట్టుకోండి, డీజిల్ బళ్లలో బ్రేకుకూ ఆ పంపే దిక్కు. అట్లాంటి బండి నడపకుండా వెంటనే చూపించాల. కరెంటు మోటార్ రకంలో ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టర్ చూడాల. మన బళ్లలో బ్లీచింగ్ పౌడర్, సున్నం మూటలు మోస్తాం, ఆ పొడి తడి తగిలి కింద కారితే కనెక్టర్ పిన్నులు తుప్పు పడతాయి. మూటలు దింపిన రోజే బండి కింద నీళ్లు కొట్టడం మంచిది.

ఇక లివర్ ఇరుక్కుపోయి ఫోర్-వీల్ లోంచి బయటికి రాకపోవడం. ఇది చాలావరకు రోగం కాదు, వాడకం. ఈ రకం బండిని ఫోర్-వీల్‌లో తారు రోడ్డు మీద నడిపితే ముందు, వెనక షాఫ్టులు మెలి తిరిగి బిగుసుకుంటాయి. స్టీరింగ్ నేరుగా పెట్టి మూడు నాలుగు మీటర్లు వెనక్కి పోనిస్తే చాలాసార్లు విడుస్తుంది. టైర్లు తేడాగా ఉన్నా ఇదే బాధ. వెనక కొత్త టైర్లు వేసి, ముందు అరిగినవి ఉంచడం మనలో చాలామంది అలవాటు. వ్యాసార్థంలో అర సెంటీమీటరు తేడా ఉంటే చక్రం ఒక చుట్టుకు 3 సెంటీమీటర్ల పైన తేడా వస్తుంది. కిలోమీటరుకు దాదాపు 450 చుట్లు, అంటే 14 మీటర్లు. బురదలో చక్రం జారి ఆ తేడా పోతుంది, గట్టి నేల మీద అంతా షాఫ్టుల మీదా, పెట్టె మీదా పడుతుంది.

పెట్టె నిజంగా విప్పాల్సినప్పుడు ఆయిలే చెప్తుంది. డ్రెయిన్ బోల్టు తీసినప్పుడు మజ్జిగ లాగా ఉంటే నీళ్లు చేరాయి: వాగు దాటేటప్పుడు వేడి పెట్టె చల్లబడి, బ్రీదర్ పైపు గుండా నీళ్లు గుంజుకుంటుంది. ఆయిల్ మార్చి, బ్రీదర్ సరి చేస్తే సరిపోవచ్చు. ఇనుప రవ్వలు కనిపిస్తే, లేదా బరువు మీద 4ఎల్‌లో కటకటమని చైను దూకే శబ్దం వస్తే అప్పుడు దించాల్సిందే. కొన్ని పెట్టెలకు గేర్ ఆయిల్, కొన్నింటికి ఏటీఎఫ్ ఆయిల్ కావాల, బండి పుస్తకంలో ఉన్నదే పోయించండి.

సెకండ్‌హ్యాండ్ ఫోర్-వీల్ బండి కొనేవాళ్లు బేరానికి ముందు కింద వంగి చూడండి. డీజిల్ మిగులుతుందని ముందు షాఫ్టే తీసి పక్కన పడేసిన బళ్లు ఉంటాయి, లివర్ మాత్రం అట్లనే ఉంటుంది.

ఇంకొక సంగతి. రిపేరు చేసుకున్న చేతులతో, ఆయిల్ డబ్బా పెట్టిన ట్రేలో ఆకు ఎత్తొద్దు. ట్రే సబ్బు నీళ్లతో కడిగి, ఆరినాకనే ఆకు వేయండి.