ఆకాశంలో అమానతు

ఆదోనిలోని తల్లి గల్ఫ్‌లో పనిచేసే కుమారునితో ఫోన్‌లో మాట్లాడుతుంది. ఎమ్మిగనూరులోని తండ్రి కుమార్తె పెళ్ళికని బ్యాంకులో సొమ్ము దాస్తాడు. ఆ మాటలూ ఆ లెక్కలూ గూఢలిపిలోనే ప్రయాణిస్తాయి. దానిని విప్పే రహస్య సంఖ్యనే తాళపుచెవి అంటారు.

గూఢలిపిని ఛేదించే విద్య పాతదే. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అల్‌కిందీ, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి రహస్యలేఖను చదివే పద్ధతిని గ్రంథస్థం చేశారు. నేటి గూఢలిపులు అంత సులువుగా లొంగవు. కాని వాటిలో కొన్నింటి బలమంతా లెక్క కఠినంగా ఉండటంలోనే ఉంది. శక్తిమంతమైన క్వాంటమ్ కంప్యూటర్లు వస్తే ఆ లెక్క తేలిక కాగలదు.

అందుకే తాళపుచెవిని ఫోటాన్లనే కాంతికణాల ద్వారా పంపే మార్గాన్ని కనుగొన్నారు. దారిలో ఎవరైనా కణాన్ని కొలిచి చూస్తే దాని స్థితి చెదురుతుంది. ఆ తేడా అందుకొన్నవారికి తెలిసిపోతుంది, వారు ఆ చెవిని పారవేస్తారు. ఇతరుల గుట్టు వెదికే తజస్సుస్‌ను ధర్మం నిషేధించింది. ఇక్కడ కాంతే దానిని బయటపెడుతుంది. అయితే ఓటీపీ అడిగిన అపరిచితునికి దానిని చదివి వినిపించేవారిని ఏ ఫోటానూ కాపాడదు.

గాజుతీగలో కొన్ని వందల కిలోమీటర్లు దాటేసరికి కణాలు దాదాపు హరించుకుపోతాయి. అంతరిక్షంలో ఆ బెడద లేదు. చైనా 2016 ఆగస్టు 16న మిషియస్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. 2017 సెప్టెంబరులో దాని సాయంతో బీజింగ్, వియన్నాల మధ్య వీడియో సంభాషణ జరిగింది. దూరం సుమారు 7,600 కిలోమీటర్లు.

ఆ ఘనకార్యంలో మేము గమనించిన సంగతి వేరు. ఇరువురి తాళపుచెవులూ ఉపగ్రహానికి తెలుసు. అంటే దానిని నడిపేవారు అమానత్‌దారులుగా ఉండాలి. 2020లో ప్రచురితమైన మరో ప్రయోగంలో ముడిపడిన జంట ఫోటాన్లను 1,120 కిలోమీటర్ల ఎడంలోని రెండు కేంద్రాలకు పంపారు. అప్పుడు చెవి ఉపగ్రహానికే తెలియదు. వేగం మాత్రం అత్యల్పం, సుమారు ఎనిమిది సెకన్లకు ఒక్క బిట్.

మన ఇస్రో 2021లో అహ్మదాబాదులో 300 మీటర్ల మేర గాలిలో ఇటువంటి ప్రయోగం చేసింది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించిన 6,003.65 కోట్ల జాతీయ క్వాంటమ్ మిషన్ లక్ష్యాలలో దేశంలో 2,000 కిలోమీటర్ల దూరానికి ఉపగ్రహ సంబంధం ఒకటి. అది సిద్ధమైన నాడు మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది: తాళపుచెవి మధ్యనున్న ఉపగ్రహానికీ తెలుస్తుందా, రెండు కొసలవారికేనా?