కిరాణా కొట్టు

కిరాణా కొట్టు అనగా బియ్యం, పప్పులు, ఉప్పు, చింతపండు, నూనె, సబ్బులు మొదలైన నిత్యావసర వస్తువులను ఇళ్ళ మధ్యనే చిల్లరగా అమ్మే చిన్న దుకాణం. సాధారణంగా యజమాని, అతని కుటుంబ సభ్యులే దీనిని నడుపుతారు. కొన్నిచోట్ల ఇంటి ముందు గదియే కొట్టు. కోస్తా జిల్లాలలో దీనిని పచారీ కొట్టు, చిల్లర కొట్టు అనీ, రాయలసీమలో అంగడి అనీ, తెలంగాణలో కిరాణా దుకాణం అనీ వ్యవహరిస్తారు. ఇక్కడ కొనుగోలు చేయుట వలన కలిగే ప్రయోజనాలలో చాలా భాగం ధరల పట్టికలో కనిపించవు.

చిల్లర కొనుగోలు

రోజు కూలిపై ఆధారపడిన కుటుంబం నెలకు సరిపడే సరుకులు ఒకేసారి కొనలేదు. సాయంత్రం కూలి డబ్బులు చేతికి వచ్చిన తరువాతనే పావుకిలో కందిపప్పు, కాస్త చింతపండు కొని పొయ్యి వెలిగించవలసి ఉంటుంది. ఇటువంటివారికి తూకాన్ని బట్టి గాక చేతిలోని డబ్బును బట్టి అమ్మే కొట్టు అవసరం. "ఐదు రూపాయల జీలకర్ర" అని అడిగితే కాదనని చోటు ఇదే. షాంపూ కంపెనీలు 1980 దశకంలో సాచెట్లతో సాధించిన దానిని కిరాణా వర్తకులు అంతకు ఎంతో ముందునుండి కాగితపు పొట్లాలతో చేస్తున్నారు. అచ్చు సిరా హానికరమైనందున వార్తాపత్రికల కాగితంలో ఆహార పదార్థాలు చుట్టడాన్ని 2018 నాటి ప్యాకేజింగు నిబంధనలు నిషేధించాయి. ఇది మంచి మార్పే, అయితే పొట్లం విప్పి పాత వార్తలు చదివే సరదా దానితో పోయింది.

అరువు ఖాతా

కిరాణా కొట్టు చేసే సేవలలో ముఖ్యమైనది అరువు. కొట్టులో ఒక పెద్ద పుస్తకం, కొనేవారి ఇంట ఒక చిన్న పుస్తకం ఉంటాయి. తీసుకున్న ప్రతి సరుకునూ రెండింటిలో రాస్తారు. ఉద్యోగులు ఒకటవ తేదీన, రైతులు పంట డబ్బులు వచ్చినపుడు బాకీ తీరుస్తారు. హామీ పత్రాలు ఉండవు. మనిషిని, అతని ఇంటిని, పనిని వర్తకుడు ఎరిగి ఉండడమే హామీ. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్ల రద్దు ప్రకటించిన తరువాత చేతిలో నగదు లేని అనేక కుటుంబాలకు ఈ ఖాతాయే ఆధారమైనది. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో నిత్యావసరాల దుకాణాలకు మినహాయింపు ఉన్నందున, నడిచి వెళ్ళగల దూరంలో కొట్టు ఉండడం ఎంత ముఖ్యమో తెలిసివచ్చింది.

ఈ పద్ధతిలో చిక్కులు కూడా కలవు. బాకీలు వసూలు కాకపోతే వర్తకుని పెట్టుబడి కరిగిపోతుంది. "అప్పు రేపు" అనే బోర్డు వెనుక ఉన్నది ఈ భయమే. మరోవైపు, బాకీ ఉన్న వ్యక్తి ధర ఎక్కువైందని గట్టిగా అడగలేడు, వేరే కొట్టుకు పోలేడు.

ఊరిలో తిరిగే సొమ్ము

ఒకరి ఖర్చు మరొకరి ఆదాయమై, అందులో కొంత మళ్ళీ ఖర్చవుతూ పోవడాన్ని అర్థశాస్త్రంలో గుణకం అంటారు. రిచర్డ్ కాన్ 1931లో దీనిని వివరించాడు. కిరాణా వర్తకుడు తన లాభంలో కొంత భాగాన్ని అదే వీధిలో పాలకు, బట్టలు కుట్టించడానికి, పిల్లల ట్యూషనుకు ఖర్చుపెడతాడు. అయితే కంపెనీ సబ్బు కొంటే ధరలో అధిక భాగం బయటికే పోతుంది, కొట్టు చిన్నదైనా పెద్దదైనా ఒకటే. ఊరి మిల్లు బియ్యం, ఇరుగుపొరుగు స్త్రీలు చేసిన అప్పడాలు, వడియాలు, కారం కొన్నపుడే ఈ ప్రయోజనం ఎక్కువ. ఇంట్లో చేసిన ఇరవై అప్పడాల కట్టలను బార్‌కోడు అడగకుండా అమ్మిపెట్టేది కిరాణా కొట్టు మాత్రమే. ఆవకాయ రోజులలో ఏ కారం ఎర్రగా ఉంటుందో, ఏ ఆవపిండి ఘాటైనదో చెప్పగలవాడూ ఈ వర్తకుడే.

ధర, తూకం

పెద్ద దుకాణాలు టోకున కొంటాయి గనుక ప్యాకెట్టు సరుకులను గరిష్ఠ చిల్లర ధర కంటె తక్కువకు ఇవ్వగలవు. నెలసరి సామాను ఒకేసారి కొనగలవారికి అక్కడ కొంత ఆదా కావచ్చు. ఆటో ఖర్చు, అవసరం లేకున్నా బుట్టలో పడిన వస్తువుల ఖరీదు కూడా కలిపి లెక్క చూడడం మంచిది. చాలా చిన్న కొట్లలో రసీదు ఇవ్వరు, ఇది లోపమే. తూనికలు కొలతల శాఖ 2009 నాటి చట్టం ప్రకారం త్రాసులను తనిఖీ చేసి ముద్ర వేస్తుంది. ముద్రను చూపమని అడిగే హక్కు కొనుగోలుదారునికి ఉన్నది. ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

పోటీ

రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలు దేశంలో మొదట 2006లో హైదరాబాదులో వెలిశాయి. బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం వరకు విదేశీ పెట్టుబడిని కేంద్రం 2012లో అనుమతించగా, సమ్మతి తెలిపిన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అటుపిమ్మట నిమిషాలలో సరుకు ఇంటికి చేర్చే ఫోను యాప్‌లు నగరాలలో పోటీకి వచ్చాయి. 2016లో మొదలైన యూపీఐ చెల్లింపులను మాత్రం కిరాణా కొట్లు త్వరగానే అందిపుచ్చుకున్నాయి. 2021 జూలైలో చిల్లర వర్తకాన్ని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల జాబితాలో చేర్చారు. దీనివలన ఉద్యమ్ పోర్టలులో నమోదైన వర్తకులకు బ్యాంకులు ప్రాధాన్య రంగం క్రింద రుణాలు ఇవ్వవచ్చును.